దవడ కింద బుడిపె

బ్రేకు మాస్టారికి ఆ పేరు ఊరికే రాలేదు. డ్రైవింగ్ స్కూలు కారులో శిష్యుల పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకును అవసరం ఉన్నా లేకపోయినా తొక్కుతూ ఉంటాడని వాళ్ళు పెట్టిన పేరది. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఆసుపత్రిలో నర్సులే. మెడలో ఎడమ వైపు లింఫు గ్రంథులకు వచ్చిన క్యాన్సర్‌కి ముందు కీమో, తర్వాత రేడియేషన్ ఇచ్చారు. ఆ వైద్యం ముగిసి రెండేళ్ళు దాటింది. ఊడిన జుట్టు మళ్ళీ వచ్చింది, మునుపటికంటే కాస్త ఉంగరాలు తిరిగి మరీ వచ్చింది. మిగిలిందల్లా నోరు ఎండిపోవడం. కారులో ఎప్పుడూ పక్కన నీళ్ళ సీసా ఉండేది. రెండు మాటలు మాట్లాడితే ఒక గుక్క తాగేవాడు.

ఒకరోజు పొద్దున గడ్డం గీసుకుంటుంటే కుడి దవడ ఎముక కింద వేలికి ఏదో తగిలింది. నానిన బఠాణీ గింజంత ఉంది. నొక్కితే అటూ ఇటూ కదల్లేదు. ఎడమ వైపు అదే చోట తడిమి చూశాడు. అక్కడేమీ లేదు. మళ్ళీ కుడి వైపు చూశాడు. ఉంది.

కుళాయి కట్టేయడం కూడా మరిచిపోయి అద్దం ముందు అలాగే నిలబడిపోయాడు. సగం మొహం నురగ, సగం మొహం నున్నగా ఉంది. బయటినుంచి భార్య, "నీళ్ళన్నీ పోతున్నాయి, నిద్రపోయారా లోపల?" అని కేకేసింది.

"అయిపోయింది, వస్తున్నా," అన్నాడు.

ఆమెకు చెప్పలేదు. చెప్పకపోవడానికి ఒక కారణం ఉంది, అది పైకి చెప్పుకుంటే నవ్వుతారు. ఆవిడ గొంతు పెద్దది. ఇస్త్రీ దుకాణంలో పని, ఆవిరి యంత్రాల మోతలో అరిచి అరిచి అలవాటైపోయింది. పెళ్ళయిన నాటినుంచీ ఆయన్ని ఏదో ఒకదానికి కేకలేస్తూనే ఉంది. తడి తువ్వాలు మంచం మీద పడేశారని, చెప్పులు దారిలో విడిచారని, అడిగినదానికి జవాబు చెప్పరని. అలాంటి మనిషి ఆయనకు జబ్బని తెలిసిన రోజునుంచి మెత్తగా మాట్లాడటం మొదలుపెట్టింది. "కొంచెం తింటారా?", "కాస్త పడుకుంటారా?" అని పసిపిల్లాడిని అడిగినట్టు అడిగేది. కీమో వాంతులకంటే ఆ మెత్తని గొంతే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది. వైద్యమంతా అయ్యాక ఒక పొద్దున తువ్వాలు గురించి ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. ఆ రోజు ఆయనకు పండగే. ఇప్పుడు ఈ సంగతి చెబితే మళ్ళీ ఆ గొంతు వినాలి. దానికి మాస్టారికి ధైర్యం చాల్లేదు.

వచ్చే నెల ఎలాగూ చెకప్ ఉంది కదా, అప్పుడే వాళ్ళు చూస్తారులే అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

కానీ చెయ్యి ఊరుకోదు కదా. సిగ్నల్ దగ్గర కారు ఆగితే వేళ్ళు మెడ మీదికి పోయేవి. ఆ బుడిపెకు ఒక నిలకడ కూడా లేదు. ఒకసారి చూస్తే బఠాణీ గింజంత, ఇంకోసారి చూస్తే రేగిపండంత. కొన్నిసార్లు ఎంత తడిమినా దొరికేది కాదు. దొరకనప్పుడు, అంతా నా భ్రమ అనుకుని ఊపిరి పీల్చుకునేవాడు. మళ్ళీ తగిలినప్పుడు, ఇంత త్వరగా పెరుగుతోందంటే ఇక అయిపోయినట్టే అనుకునేవాడు. భోజనం దగ్గర కూర్చుంటే దవడ కింద ఎవరో బిగించి పట్టుకున్నట్టుండేది. భయానికి ముద్ద దిగడం లేదనుకున్నాడు. రెండు ముద్దలు తిని లేచేవాడు. బెల్టు ఒక రంధ్రం లోపలికి జరిగింది. అది చూసుకుని ఇంకా హడలిపోయాడు.

ఆ రోజుల్లో ఆయన దగ్గర నేర్చుకుంటున్నవాళ్ళలో ఒక రిటైరైన హెడ్మిస్ట్రెస్ ఉంది. అందరూ పెద్ద టీచరమ్మ అనేవారు. భర్తకు చూపు మందగించి కారు నడపలేకపోతుంటే, "షెడ్డులో తుప్పు పట్టించడానికా కొన్నది?" అని ఈ వయసులో స్టీరింగ్ పట్టింది. ఆమె ఆయన్ని మాస్టారూ అనేది, ఆయన ఆమెను మేడమ్ అనేవాడు. కారెక్కగానే ఆమె చీర కొంగు నడుముకు దోపి, కళ్ళజోడు ముక్కు మీదికి నెట్టి, ఎదురుగా ఉన్నది రోడ్డు కాదు అల్లరి క్లాసు అన్నట్టు చూసేది.

"మాస్టారూ, కుడికా ఎడమకా?" అంది ఒక మలుపు దగ్గర.

ఆయన అటు తిరిగి ఉన్నాడు.

"మాస్టారూ!"

పక్క అద్దంలో మెడ చూసుకుంటున్నాడాయన. పెద్ద టీచరమ్మ తనకు తోచినట్టు ఎడమకు తిప్పేసింది. పేవ్‌మెంటు అంచున నిలబెట్టిన చెత్తడబ్బా కారు మూతికి తగిలి, దొర్లుకుంటూ వెళ్ళి ఒక గేటు ముందు ఆగింది. పిల్లి ఒకటి అందులోంచి ఎగిరి పారిపోయింది.

ఆమె ఇంజను ఆపేసి ఆయన వైపు తిరిగింది. "మీరు బ్రేకు తొక్కలేదు."

"పొరపాటైందండీ."

"రోడ్డు మీద ఎండుటాకు ఎగిరినా తొక్కే మనిషి మీరు. ఇంత చెత్తడబ్బా ఎదురైతే తొక్కలేదంటే ఏదో ఉంది. ఆ అద్దం వెనకొచ్చే బండ్లు చూడ్డానికా, మీ మెడ చూసుకోడానికా?"

"పంటినొప్పండీ."

"మాస్టారూ, బడి ఎగ్గొట్టడానికి పిల్లలు చెప్పే పంటినొప్పులు వినీ వినీ నా జుట్టు నెరిసింది. పన్ను నొప్పైతే బుగ్గ పట్టుకుంటారు. మీరు పొద్దస్తమానం మెడ పట్టుకుంటున్నారు."

మాస్టారు నీళ్ళ సీసా తీశాడు. మూత తిప్పాడు. ఒక గుక్క తాగాడు. తర్వాత, ఎందుకు చెబుతున్నాడో తనకే తెలియకుండా మొత్తం చెప్పేశాడు. పాత జబ్బు, కొత్త బుడిపె, అది పెరగడం, తరగడం, అన్నీ.

వెనక ఎవరో హారన్ కొడుతుంటే, ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపి వెళ్ళమంది.

"ఇంట్లో చెప్పారా?"

"లేదండీ."

"ఆసుపత్రిలో?"

"వచ్చే నెల ఎలాగూ చెకప్ ఉంది కదా అని..."

"ఎలాగూ పరీక్షలొస్తాయి కదా, అప్పుడు చదువుకుందాంలే అనే పిల్లలు నాకు బాగా తెలుసు," అంది పెద్ద టీచరమ్మ. "మీ ఆవిడ పనిచేసే దుకాణం ఎక్కడ?"

"మార్కెట్టు వెనకండీ. ఎందుకు?"

ఆమె కారు స్టార్ట్ చేసింది. మలుపులో తిరగాల్సిన చోట తిరగకుండా నేరుగా పోనిచ్చింది.

"మేడమ్, మన దారి అటు."

"ఇవాళ పాఠం నేను చెబుతాను, మీరు కూర్చోండి."

మాస్టారు బ్రేకు తొక్కాడు. కారు ఆగిపోయింది. ఆమె మళ్ళీ స్టార్ట్ చేసింది. ఆయన మళ్ళీ తొక్కాడు.

"తొక్కండి. మీరు తొక్కినన్నిసార్లూ స్టార్ట్ చేస్తాను. నాకు సాయంత్రం దాకా పనేమీ లేదు," అందామె. ఈసారి ఆయన కాలు పక్కకు తీసుకున్నాడు.

ఇస్త్రీ దుకాణం ముందు కారు ఆగింది. ఆగడమంటే ముందు చక్రం ఒకటి పేవ్‌మెంటు ఎక్కి ఆగింది. లోపల పొడవాటి కడ్డీకి ప్లాస్టిక్ కవర్లలో కోట్లు వేలాడుతున్నాయి. గంజి వాసన, వేడి గుడ్డ వాసన కలిసి మొహానికి కొట్టాయి. మాస్టారి భార్య ఆవిరి పెట్టె ముందు నిలబడి ఒక తెల్లచొక్కా చెయ్యిని బల్ల మీద పరుస్తోంది. కళ్ళజోడు మీద ఆవిరి పట్టి కళ్ళు కనబడటం లేదు.

"ఏంటి ఈ వేళప్పుడు?" అంది.

"ఊరికే."

"ఊరికే వచ్చిన మొహమేనా అది? కారు గుద్దేశారా?"

"చెత్తడబ్బా. అది కాదుగానీ..." ఆయన గొంతు ఎండిపోయింది. సీసా కారులోనే ఉండిపోయింది. వేలితో దవడ కింద చూపించాడు. "ఇక్కడ ఒకటి వచ్చింది. కొన్నాళ్ళయింది."

ఆమె ఇస్త్రీ పెట్టెను పక్కకు నిలబెట్టింది. కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. మాస్టారు ఆ మెత్తని గొంతు కోసం ఎదురుచూస్తూ, దెబ్బ పడబోతున్నవాడిలా భుజాలు బిగించాడు.

"తెలుసు," అంది.

"తెలుసా?"

"నీళ్ళు తాగినా తెలిసిపోయే ఇల్లు మనది. రోజూ మీ ఎదురుగా కూర్చుని తింటున్నది ఎవరు? పక్కింటావిడా?" ఒక్కో మాటకూ గొంతు ఒక్కో మెట్టు ఎక్కింది. "తినడం మొదలుపెట్టగానే అది ఉబ్బుతుంది. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి సగం తగ్గుతుంది. కాసేపటికి ఉండనే ఉండదు. ఇదేం వింతరా దేవుడా అని నేను చూస్తూనే ఉన్నాను. ఇవాళ చెబుతారు, రేపు చెబుతారు అని చూస్తూనే ఉన్నాను! పొద్దున్నే గడ్డం గీసుకుంటున్నానని లోపల దూరి, గడ్డతో కబుర్లు చెప్పుకుంటున్నారా? కబుర్లు చెప్పుకోడానికి నేను దొరకలేదా?"

"నువ్వెందుకు అడగలేదు మరి?"

"అడిగితే పంటినొప్పి అనేవారు."

గుమ్మం దగ్గర నిలబడ్డ పెద్ద టీచరమ్మకు దగ్గు వచ్చింది.

"మొన్ననే ఆసుపత్రికి ఫోన్ చేశాను," అంది భార్య. "రేపు పొద్దున రమ్మన్నారు. ఈ రాత్రికి చెప్పకపోతే రేపు చొక్కా కాలరు పట్టుకుని లాక్కెళ్ళేదాన్ని. చొక్కా ఇస్త్రీ చేసి కూడా పెట్టాను!"

దుకాణమంతా వినబడేలా అరుస్తోంది. లోపల మడతలు పెడుతున్న అమ్మాయిలు ఇటే చూస్తున్నారు. మాస్టారికి సిగ్గేయలేదు. కాళ్ళలోకి ఏదో బలం దిగినట్టయింది. ఆమె మళ్ళీ ఇస్త్రీ పెట్టె అందుకుని చొక్కా మీద పెట్టింది. ఇస్త్రీ చేసిన చొక్కా చెయ్యినే మళ్ళీ చేసింది. అది అయ్యాక ఇంకోసారి చేసింది. మాస్టారు దగ్గరకెళ్ళి ఆ పెట్టె ఆమె చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టాడు. ఆమె వేళ్ళు మంచులా ఉన్నాయి, ఆ వేడిలో కూడా.

మర్నాడు పొద్దున బస్సులో వెళ్ళారు. ఆసుపత్రి వరండాలో కుర్చీలు కొత్తవి వేశారు గానీ వాసన అదే. ఫినాయిలు, దాని కింద ఇంకేదో. వరుసలో తలకు గుడ్డ కట్టుకున్న ఒకావిడ అల్లికపని చేసుకుంటోంది. ఆయన ఆమెను చూసి, వెంటనే చూపు తిప్పుకుని, మళ్ళీ చూసి పలకరింపుగా నవ్వాడు. ఆవిడా నవ్వింది. బరువు చూసే యంత్రం మీద నిలబెడితే ముల్లు మునుపటికంటే కిందే ఆగింది. భార్య ఆ ముల్లు చూసింది, ఏమీ అనలేదు. అప్పటిదాకా దారిపొడుగునా ఏదో ఒకటి అంటూనే ఉంది. ఇప్పుడు ఊరుకునేసరికి మాస్టారి మొహంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది.

ఆయనకు వైద్యం చేసిన డాక్టరమ్మే లోపల ఉంది. చక్రాల స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని, దవడ కింద, చెవుల వెనక, మెడ పొడుగునా, చంకల్లో, అంతా వేళ్ళతో చూసింది. చేతికి తొడుగు వేసుకుని నాలుక కింద వేలు పెట్టి, బయటినుంచి ఇంకో చేత్తో నొక్కింది. రాత్రిళ్ళు చెమటలు పడుతున్నాయా, జ్వరం వస్తోందా అని అడిగింది. లేదన్నాడు. ఆమె మొహం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాడు. మంచి డాక్టర్ల మొహాలు అంతే.

"ఇప్పుడైతే చిన్నగానే ఉంది," అందామె.

"ఇప్పుడు ఉండదండీ," అంది భార్య. "తినేటప్పుడు చూడాలి. తింటుంటే ఇంత అవుతుంది. తినడం అయిపోతే తగ్గిపోతుంది."

డాక్టరమ్మ స్టూలు మీద గిరుక్కున తిరిగింది. "మళ్ళీ చెప్పండి."

భార్య మళ్ళీ చెప్పింది, చేత్తో సైజు కూడా చూపించి. డాక్టరమ్మ నర్సును పిలిచి, కాంటీన్లో ఒక నిమ్మచెక్క తెమ్మంది.

"టీలోకా మేడమ్?" అంది నర్సు.

"కాదు, పేషెంట్‌లోకి."

నిమ్మచెక్క వచ్చింది. మాస్టారు నోట్లో పెట్టుకుని చప్పరించాడు. పులుపుకి ఒళ్ళంతా జలదరించింది. దవడ కింద ఆ బిగింపు మొదలైంది. భార్య, డాక్టరమ్మ, నర్సు ముగ్గురూ ఆయన మెడ మీదికి వంగి, పొయ్యి మీద పాలు పొంగుతాయా లేదా అన్నట్టు చూస్తున్నారు. బుడిపె మెల్లగా లేచింది. చర్మం కింద నిగనిగలాడుతూ నిలబడింది.

"అదుగో! చెప్పానా!" అంది భార్య, గెలిచినదానిలా. అని, వెంటనే నోరు మూసుకుంది.

డాక్టరమ్మ నవ్వింది. ఆ గదిలో ఆమె నవ్వడం మాస్టారు ఎప్పుడూ చూడలేదు. అయినా దాన్ని నమ్మడానికి భయపడ్డాడు.

"ఇది ఏమై ఉంటుందో నాకు తెలిసింది. కానీ చూడకుండా మాట చెప్పను," అని స్కానింగ్ గదికి పంపింది. అక్కడ చీకట్లో పడుకుంటే చల్లటి జెల్లు మెడ మీద రాసి ఏదో పరికరంతో తోముతూ పోయారు. చాలాసేపు చూశారు. కుడి వైపు, ఎడమ వైపు, మళ్ళీ కుడి వైపు. మాస్టారు పైకప్పు వైపు చూస్తూ, నేర్పవలసిన గేర్లన్నీ మనసులో వరసగా వేసుకుంటూ గడిపాడు.

తిరిగి వచ్చేసరికి డాక్టరమ్మ తెర మీద బొమ్మ పెట్టి ఉంచింది. నలుపు, బూడిద రంగుల మధ్య ఒకచోట తెల్లగా మెరిసే చుక్క ఉంది.

"రాయి," అంది.

ఇద్దరూ తెర మీదికి వంగారు.

"దవడ కింద లాలాజలం ఊరే గ్రంథి ఉంటుంది. అక్కడినుంచి నాలుక కిందికి సన్నటి గొట్టం వస్తుంది. ఆ గొట్టంలో రాయి అడ్డుపడింది. రేడియేషన్‌తో మీ లాలాజలం తగ్గి చిక్కబడింది కదా, అలాంటివాళ్ళకి ఇలా రాయి కట్టడం ఉంటుంది. తినబోతే నోరూరుతుంది, ఊరింది బయటికి రాలేక వెనక ఉబ్బుతుంది. తర్వాత మెల్లగా జారిపోతుంది. అంతే."

"అంటే..." అన్నాడు మాస్టారు.

"అంటే అది కాదు. మెడలో మిగతా గ్రంథులన్నీ వెతికి చూశారు. అనుమానించాల్సింది ఏదీ లేదు. రక్తపరీక్ష కూడా చేయిస్తాను, మధ్యాహ్నానికి చెబుతాను. బరువు తగ్గింది మీరు భయపడి తినకపోవడం వల్ల." ఆమె బొమ్మ తీసేసింది. "ఒక మాట. ప్రతి గడ్డా పాత జబ్బే కానక్కర్లేదు. కానీ కాదని చెప్పాల్సింది మీరు కాదు, నేను. ఈసారి ఏదైనా తగిలితే ఆ రోజే రండి."

"ఆ రోజే తెస్తానండీ," అంది భార్య. "ఒక్క నిమిషం," అని లేచి బయటికి వెళ్ళింది.

మాస్టారు కాసేపాగి వెతుక్కుంటూ వెళితే, చేతులు కడుక్కునే గది తలుపు వేసి ఉంది. లోపల కుళాయి ధారగా పోతున్న చప్పుడు. నీళ్ళన్నీ పోతున్నాయి అని కేకేయలేదాయన. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మెల్లగా కింద కూర్చున్నాడు. అక్కడే, వచ్చేపోయేవాళ్ళ కాళ్ళ మధ్య, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. గుండె మీది బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టారు. ఇన్నాళ్ళూ అది ఎంత బరువుందో ఇప్పుడే తెలిసింది.

రాయి తీయడానికి గొంతు డాక్టరు ఇంకో గదిలో ఉన్నాడు. నాలుక కింద మత్తు సూది ఇచ్చి, చిన్న గాటు పెట్టి, చిన్న పట్టకారు లాంటి దాంతో లాగాడు. స్టీలు పళ్ళెంలో టంగున పడింది. బియ్యపు గింజ కంటే కొంచెం పెద్దది. పసుపుపచ్చగా, గరుగ్గా ఉంది. ఆ వెంటనే ఆయన నోరు నీళ్ళతో నిండింది. ఎన్నాళ్ళకో అలా నిండటం. మత్తుకు పెదవి నిలవక కొంత గడ్డం మీదుగా కారింది. "బాగుంది, ఊరుతోంది," అన్నాడు డాక్టరు, తోటలో బోరు పడ్డంత సంతోషంగా. ఆ రాయిని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి చేతికిచ్చాడు.

మధ్యాహ్నం రక్తపరీక్ష కూడా మంచిగానే వచ్చింది. వరండాలోంచి పెద్ద టీచరమ్మకు ఫోన్ చేశారు. మాస్టారి నాలుక తిమ్మిరెక్కి మాట ముద్దముద్దగా వస్తుంటే భార్యే ఫోన్ లాక్కుని చెప్పింది.

"రాయా?" అంది అటునుంచి పెద్ద టీచరమ్మ, అందరికీ వినబడేలా. "నోట్లో రాయేమిటమ్మా?" తర్వాత ముక్కు చీదిన చప్పుడు. "సరే. చాలా మంచి మాట చెప్పావు. రెండు రోజులు ఇంట్లో ఉండమను. నేను ఆ పేవ్‌మెంటు జోలికి పోనని చెప్పు."

బస్సు ఖాళీగా ఉంది. కిటికీ పక్క సీట్లో కూర్చున్న భార్య, బస్సు కదిలిన కాసేపటికే నిద్రలోకి జారింది. కళ్ళజోడు ముక్కు మీంచి జారి, తల ఆయన భుజం మీద పడింది. ఎన్ని రాత్రులనుంచి నిద్రలేదో. దిగాల్సిన స్టాపు వచ్చింది. మాస్టారు కండక్టరు వైపు చూసి, వద్దన్నట్టు తలాడించాడు. బస్సు ముందుకు పోయింది. ఎప్పుడూ వెళ్ళని వీధులు, ఎప్పుడూ చూడని దుకాణాలు దాటింది. చివరి స్టాపులో ఇంజను ఆగేసరికి ఆ నిశ్శబ్దానికి ఆమె లేచింది.

"ఎక్కడున్నాం?"

"ఆఖరి స్టాపు."

"లేపొచ్చుగా!"

ఆయన మత్తు వదలని పెదవితో వంకరగా నవ్వాడు. ఆమె కళ్ళజోడు సరిచేసుకుని బయటికి చూసింది. ఒక సైకిల్ షాపు, ఒక చిన్న పార్కు, పొట్టి గోడ, గోడ మీద ఎండ. ఇద్దరూ దిగి ఆ గోడ మీద కూర్చున్నారు. ఆమె చెయ్యి చాపింది. ఆయన జేబులోంచి ప్లాస్టిక్ డబ్బా తీసి ఇచ్చాడు. మూత తీసి రాయిని అరచేతిలో వేసుకుని, ఎండకు పెట్టి చూసింది.

"ఇంత దానికా?" అంది.

"ఇంత దానికే."

ఆమె అరచెయ్యి బోర్లించింది. రాయి గడ్డిలో పడి కనబడకుండా పోయింది.

"అయ్యో! దాచుకుందామనుకున్నా," అన్నాడాయన.

"దాచుకుని? రోజూ పొద్దున్నే చూసుకుంటారా?" ఆమె చేతులు దులుపుకుంది. "ఆకలేస్తోందా?"

వేస్తోంది. కడుపు మాడిపోతోంది. అది చెప్పబోతుంటే వెనకనుంచి బస్సు హారన్ మోగింది, తిరుగు ప్రయాణానికి. డ్రైవరు వాళ్ళ వైపే చూస్తూ రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. మాస్టారు భార్య వైపు చూశాడు. ఆమె అప్పటికే లేచి, వీధి అటు చివర ఏదో హోటలు బోర్డు కనబడితే కళ్ళు చికిలించి చదువుతోంది.

"మీరు వెళ్ళండి బాబూ," అని డ్రైవరుకు కేకేసింది. "మేం తర్వాత బస్సుకి వస్తాం."